‘చదవలేడు’ అని రాసే ముందు పక్కన పావుగంట కూర్చోండి

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మండల పరిషత్ బడిలో ఐదో తరగతి, 26 మంది పిల్లలు, వాళ్లలో 9 మంది తెలుగు పాఠం చదవలేకపోతున్నారు. ఎవరికైనా డిస్లెక్సియా (తెలివి బాగానే ఉన్నా, మెదడు పనితీరులో తేడా వల్ల చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో ఎలా తెలుసుకోవాలి, పరీక్ష పేపరు ఏదైనా ఉంటే ఇవ్వండి అని అడిగారు. నేను 22 ఏళ్లు ప్రాథమిక తరగతుల టీచరుగా, అంటే ఎస్‌జీటీగా పనిచేశాను. అందులో చివరి 8 ఏళ్లు ఎక్కువ సమయం ఇలాంటి పిల్లలతోనే గడిచింది. నాకు తెలిసింది కొంచెం వివరంగానే రాస్తాను.

పేపరు సంగతి తర్వాత. ముందు ఈ రెండు వాక్యాలు చూడండి:

సుబ్బమ్మ పుస్తకం తీసుకొని బడికి వెళ్లింది. దారిలో ఆమెకు ఒక కుక్కపిల్ల కనిపించింది.

వీటిని ముగ్గురు పిల్లలు చదివారనుకోండి. మొదటివాడు ‘సు... బ... మ... పు... స... త... కం’ అంటూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కదిలాడు. రెండో అమ్మాయి ‘సుబ్బమ్మ పుస్తకాలు తీసుకొని బడికి పోయింది, దారిలో కుక్కపిల్ల కనిపించింది’ అని గబగబా చదివేసింది. మూడోవాడు ఒక్క తప్పు లేకుండా చదివాడు. కానీ ‘దారిలో ఏం కనిపించింది?’ అని అడిగితే నేల చూపులు చూశాడు.

మార్కుల రిజిస్టరులో ముగ్గురికీ ‘సి’ గ్రేడే పడుతుంది. నిజానికి మొదటివాడికి ఒత్తులు రావు. రెండో అమ్మాయి బాగానే చదువుతోంది, కాస్త తొందర ఎక్కువ, అంతే. మూడోవాడికి అక్షరాల కష్టం ఏమీ లేదు, ఆ భాషే పట్టుబడలేదు. ముగ్గురికీ కలిపి సాయంత్రం రెమెడియల్ క్లాసు పెట్టి మళ్లీ ‘అ ఆ ఇ ఈ’ నుంచి మొదలుపెడితే మొదటివాడికి కొద్దిగా ఉపయోగం, మిగతా ఇద్దరికీ టైమ్ వేస్టు. మీ 9 మందీ ఒకే గుంపు కాదని నేను అనేది ఇందుకే. ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలియాలంటే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించి వినాలి. తలకు పావుగంట చాలు. రోజుకు ఇద్దరి చొప్పున చూసినా వారంలోపే అయిపోతుంది.

డిస్లెక్సియా గురించి మీ టెన్షన్ కొంత తగ్గించే లెక్క ఒకటి చెబుతాను. ప్రథమ్ సంస్థ ప్రోత్సాహంతో 2005 నుంచి ‘అసర్’ సర్వే జరుగుతోంది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024 సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతమే. మిగిలిన సగానికి పైగా పిల్లలందరికీ మెదడులో తేడా ఉండదు కదా. వాళ్లలో ఎక్కువ మందికి సరైన సమయంలో సరైన మెట్టు మీద ఎవరూ నేర్పలేదు. మీ 9 మందిలోనూ చాలామంది ఇలాంటివాళ్లే అయి ఉంటారు.

చదివించే నాలుగు రకాల ముక్కలు మీరు అసర్ పద్ధతిలోనే తయారు చేసుకోవచ్చు. అక్షరాలు ఓ పది, తేలిక మాటలు ఓ పది, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. ఇది పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చెబుతుంది. అక్కడే ఎందుకు ఆగాడో మాత్రం చెప్పదు. అది మీరు చెవితో పట్టుకోవాలి.

కథ వాళ్ల వాచకంలోది కాకూడదు. దీని వెనక నా అనుభవం ఉంది. మూడో తరగతిలో ఒక పాప పాఠమంతా గలగలా చదివేది. ఒకరోజు చదువుతుండగా గాలికి పేజీ తిరిగిపోయింది, పాప మాత్రం ఆపకుండా పాత పేజీనే ‘చదువుతూ’ పోయింది! అందరూ కలిసి వల్లెవేయగా వల్లెవేయగా పాఠం మొత్తం నోటికి వచ్చేసింది. నాలుగు నెలలు నేను కనిపెట్టలేకపోయాను. అప్పటి నుంచి ఎప్పుడూ చూడని కథే ఇస్తాను. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంటి?’ అని అడుగుతాను.

కూర్చునేది తరగతి ముందు కాదు. వరండా చివరో, చెట్టు కిందో కూర్చోండి. మిగతా పిల్లలు వింటుంటే చదవలేని పిల్లాడు గొంతు పెగల్చడు, మీరు వినేది భయాన్నే. ‘నీకు మార్కులు వేయడం లేదు, నువ్వు ఎలా చదువుతావో నాకు వినాలని ఉంది’ అని చెప్పండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి. ఇది మన టీచర్లకు చాలా కష్టం, నోరు ఆగదు. అయినా ఆ పావుగంట ఆగాలి. కథ కాపీలు రెండు పెట్టుకోండి, ఒకటి పిల్లాడికి, ఒకటి మీకు. సరిగ్గా చదివిన మాట మీద టిక్కు పెట్టండి, వదిలేస్తే గీత గీయండి. తప్పు చదివితే తను ఏమన్నాడో అదే అక్షరాల్లో పైన రాయండి. తనంతట తానే దిద్దుకుంటే చిన్న గుర్తు పెట్టుకోండి, అది మంచి సంకేతం. తల్లిదండ్రులకు చెప్పి ఫోనులో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. మొదటిసారి వినపడనివి రెండోసారి వినపడతాయి.

నూటికి ఇన్ని తప్పులైతే ఈ స్థాయి, నిమిషానికి ఇన్ని మాటలు చదవాలి అనే లెక్కలు శిక్షణల్లో చెబుతుంటారు. వాటిలో చాలావరకు ఇంగ్లీషు కోసం పుట్టినవి. ‘చదువుకోవాలనుకుంటున్నానని’ అనేది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో అది ఓ వాక్యమంత ఉంటుంది. కాబట్టి అంకెల కంటే, మీరు మాటల పైన రాసుకున్న తప్పుల్ని చూడండి. అసలు విషయం అక్కడే ఉంది.

మన లిపిలో తప్పులు ఊరికే పడవు. మొదటి రకం అక్షర రూపాల తికమక. మ, య, ఘ. ప, వ, ష. ద, ధ, థ. వీటితోపాటు చాలామంది గమనించనిది ‘వు’, ‘మ’. ఈ రెండూ ఎంత దగ్గరగా ఉంటాయో ఒక్కసారి రాసి చూడండి. ‘ఆవు’ను ‘ఆమ’ అని చదివిన పిల్లల్ని నేను ఎంతోమందిని చూశాను. ‘మొ’, ‘యొ’ల ఒత్వం కూడా ‘కొ’, ‘గొ’ల ఒత్వంలా ఉండదు, అక్కడ తడబడతారు. ఇలా రెండు మూడు జతల దగ్గరే తప్పులు పడుతుంటే ఆ జతల్ని పక్కపక్కన పెట్టి పది రోజులు ఆడిస్తే సరిపోతుంది. వర్ణమాల మొత్తం మళ్లీ దిద్దించక్కర్లేదు.

రెండోది గుణింతం. పిల్లాడు ‘క కా కి కీ’ అని పాటలా అప్పజెబుతాడు, మనం గుణింతాలు వచ్చాయనుకుంటాం. ‘కొ’ ఒక్కటే రాసి చూపించి అడగండి. పెదవులు చూడండి. లోపల్లోపల ‘క కా కి కీ కు కూ...’ అని మెట్లు ఎక్కుతూ వస్తున్నాడంటే వాడికి వచ్చింది పాటే, గుర్తులు రాలేదు. ఇలాంటి పిల్లవాడికి ఒక మాట చదవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. అర్థం కాలేదని మనం అనుకుంటాం, అర్థం చేసుకునేందుకు వాడి దగ్గర ఓపిక మిగల్లేదు. దీర్ఘాలు మింగేయడం కూడా ఇందులోదే.

మూడోది ఒత్తులు. దీని మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఐదో తరగతిలో ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. ‘శక్తి’ అనే మాట చూడండి. గుడి కనిపించేది ‘క’ మీద. కానీ ‘ఇ’ పలకాల్సింది త తర్వాత. పిల్లాడి కన్ను చూసిన వరసలో చదివితే ‘శకిత’ అవుతుంది. అది అజాగ్రత్త కాదు, కంటికి కనిపించినదాన్ని నిజాయితీగా చదవడం. పైన ఉన్న గుర్తు కింద ఉన్న ఒత్తుకు చెందుతుందని ఎవరో ఒకరు వాడికి విడమర్చి చెప్పాలి. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలికే ఉండదు. గ, ద, ప లాంటివైతే చూసి ఊహించవచ్చు, ఇవి విడిగా నేర్చుకోవాల్సిందే. కాబట్టి ‘పుసతకం’ అని చదివిన పిల్లాడు ‘అక్క’, ‘గద్ద’, ‘ముగ్గు’ చదవగలడా, లేక అక్కడా ఒత్తు వదిలేస్తున్నాడా చూడండి. ద్విత్వాక్షరాలు వచ్చి సంయుక్తాక్షరాలు రాకపోతే మీ పని సగం అయిపోయినట్టే.

మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడంలో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పిల్లల చదువు మీద పనిచేశారు. ఇంగ్లీషు పిల్లలు 26 అక్షరాలు తొందరగా పట్టేసినట్టు మన వైపు లిపులు పట్టుబడవని, అక్షరాల నేర్పు ప్రాథమిక తరగతుల్లో నాలుగైదేళ్ల పాటు సాగుతూనే ఉంటుందని 2007లో రాశారు. రెండో తరగతి చివరికే అక్షరాల పాఠం అయిపోయిందని మనం మూసేయడం వల్ల నష్టపోయే పిల్లలు ఎందరో.

తప్పులుగా లెక్కించకూడనివి కూడా ఉన్నాయి. ‘భ’ను ‘బ’గా, ‘ఛ’ను ‘చ’గా, ‘శ’ను ‘స’గా పలకడం చదవలేకపోవడం కాదు, ఇంట్లో వినేది అదే. ‘వెళ్లింది’ అని ఉంటే ‘పోయింది’ అనడం, ‘ఎక్కడ’ను ‘యాడ’ అనడం అయితే ఇంకా మంచి విషయం. ఆ పిల్ల అర్థం చేసుకుని, తన మాటలో పెట్టుకుని చదువుతోంది. మొదట చెప్పిన రెండో అమ్మాయి అలాంటిదే. ఆమె కాగితం మీద ఎర్ర సిరా పెట్టారో, మరుసటి రోజు నుంచి నోరు మెదపదు.

ఇప్పుడు అర్థం సంగతి. చదివాక పుస్తకం మూసి ‘ఏం జరిగిందో నాకు చెప్పు’ అనండి. పాఠం కింద ఉండే ప్రశ్నలు దీనికి పనికిరావు. ప్రశ్నలో ఉన్న మాటలు పేరాలో ఎక్కడున్నాయో వెతికి ఆ వాక్యం మొత్తం ఎత్తి రాయడంలో మన పిల్లలు ఆరితేరారు. దాని తర్వాత అదే స్థాయి కథ ఇంకోటి మీరు చదివి వినిపించి, దాన్ని చెప్పించండి. ఈ రెండిటి మధ్య తేడా చాలా చెబుతుంది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో ఒక సులువైన సూత్రం చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటగా మార్చగలగడం, విన్న భాష అర్థం కావడం, ఈ రెండిటి గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. వింటే చక్కగా చెబుతున్నాడు, చదివితే చెప్పలేకపోతున్నాడు అంటే అడ్డం అక్షరాల దగ్గర ఉంది. విన్నా చెప్పలేకపోతే భాష దగ్గర చూడాలి.

మీది తండా పిల్లలు వచ్చే బడా? రాయలేదు. లంబాడీ, కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు బడి భాష మాత్రమే. ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లాడి చేత అదే కథ వాళ్ల భాషలో చెప్పించి, పెద్ద తరగతి పిల్లల్లో ఒకరిని తెలుగులో చెప్పమనండి. నోరే లేదనుకున్న పిల్లాడు ఆ భాషలో చేతులు ఊపుతూ చెబుతుంటే చూడాలి. వాడికి కావాల్సింది తెలుగు మాటలు. అక్షరాలు దిద్దించడం కాదు.

నోటితో చేసే చిన్న పరీక్షలు రెండు. ‘కమలలో మ తీసేస్తే ఏం మిగిలింది?’ అని అడగండి, ‘కల’ అనాలి. ఇలాంటివి ఐదారు. శబ్దాల్ని విడదీసి కలపడం రాని పిల్లాడికి కాగితం మీద గుణింతం ఎక్కదు. ఇంకోటి, అర్థం లేని మాటలు చదివించడం: లముక, పిటేసు, గొన్నాడి, తెస్మలు. తెలిసిన మాటనైతే మొదటి అక్షరం చూసి ఊహించేస్తారు, వీటిని ఊహించడానికి వీలుండదు. కథ ఫరవాలేదు, ఇవి మాత్రం అసలు రావు అంటే ఆ పిల్లాడు ఇన్నాళ్లూ ఊహతో నెట్టుకొస్తున్నాడు.

కన్ను, చెవి, హాజరు. వీటిని నేను చివర రాస్తున్నాను గానీ మీరు ముందు చూడాలి. సర్వీసు తొలి రోజుల్లో నా తరగతిలో ఒక బాబు చివరి వరసలో కూర్చునేవాడు. డిక్టేషన్‌లో సగం మాటలు తప్పులు, పిలిస్తే పలకడు. బద్ధకం అనుకున్నాను. వాళ్ల అమ్మతోనూ అదే అన్నాను. మరుసటి ఏడాది చెవిలో చీము కారుతుంటే ఎవరో ఆస్పత్రికి తీసుకెళ్తే వినికిడి తగ్గిందని తేలింది. ఏడాదంతా ఆ పిల్లాడు నా మాట సగమే విన్నాడు. అది నా తప్పు, ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంటికి వెళ్లి ఆ తల్లికి క్షమాపణ చెప్పాను. కాబట్టి జలుబు చేసినప్పుడల్లా చెవి పట్టుకునే పిల్లల్ని, బోర్డు చూడటానికి కళ్లు చికిలించే పిల్లల్ని, పుస్తకం ముక్కుకు ఆనించే పిల్లల్ని గుర్తుపెట్టుకోండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వచ్చినప్పుడు ‘అందర్నీ చూడండి’ అనకుండా ఈ పేర్లు రాసిచ్చి వీళ్లను చూడమనండి. వాళ్లు జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి) పంపగలరు. పాత హాజరు పట్టీలు కూడా తీయండి. ఒకటి రెండు తరగతుల్లో ఇటుక బట్టీల వలసకు వెళ్లిన ఇల్లు అయితే, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక డిస్లెక్సియా. పైన చెప్పినవన్నీ చూసి, ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి రోజూ అరగంట చొప్పున రెండు మూడు నెలలు నేర్పండి. చాలామంది కదులుతారు. మిగతావాళ్లు కదిలినా ఒకరో ఇద్దరో ఉన్నచోటే ఉంటే అప్పుడు అనుమానించాలి. పై లైనులో చదివిన మాటే కింది లైనులో కొత్తగా కనిపించడం, మాటల్లో చురుకు, కాగితం ముందు నిస్సహాయత, చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా రావడం, ఇంట్లో నాన్నకో మేనమామకో ఇదే ఇబ్బంది ఉండటం, ఇవన్నీ కలిస్తే అనుమానం బలపడుతుంది. అక్షరాలు తిరగేసి రాయడమే డిస్లెక్సియా అని చాలామంది నమ్ముతారు. చిన్న తరగతుల్లో ఏ ఇబ్బందీ లేని పిల్లలూ అలా రాస్తారు, దాన్నొక్కదాన్నే పట్టుకోకండి.

అప్పుడు కూడా మనం పేరు పెట్టకూడదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక టీచరుతో (ఐఈఆర్‌టీ) మాట్లాడండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, సందేహం ఉంటే అక్కడా చూపించవచ్చు. డిస్లెక్సియా కూడా చేరే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడగవచ్చు. కానీ పరీక్ష ఏ భాషలో చేశారో తప్పక అడగండి. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఇంగ్లీషు పేరాలతో పరీక్ష చేసి ముద్ర వేసిన కాగితాలు నేను చూశాను. మన దేశ భాషల కోసం మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ‘డాలీ’ అనే పరీక్షను తయారుచేసింది, అది కూడా మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లోనే వచ్చింది. తెలుగు బాగా చదివే పిల్లాడు ఇంగ్లీషు చదవలేకపోతుంటే ముందు ఇంగ్లీషు ఎలా నేర్పారో చూడాలి.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మీరు విన్నదే చెప్పండి. ‘మీవాడు వెనకబడ్డాడు’ అనకుండా ‘కథ వింటే మొత్తం చెబుతున్నాడు, ఒత్తులున్న మాటల దగ్గర ఆగుతున్నాడు, దీపావళి దాకా అది నేర్పుతాను’ అంటే వాళ్లకు అర్థమవుతుంది. ఇంట్లో దెబ్బలు కూడా తప్పుతాయి.

ఆ 9 మందిలో ఎవరితో మొదలుపెట్టాలంటే, అల్లరి చేసేవాడితో వద్దు, వాడి మీద ఎలాగూ మీ కన్ను ఉంటుంది. ఎప్పుడూ మాట్లాడని, పుస్తకం ముందు పెట్టుకుని తలొంచుకుని కూర్చునే పిల్లను ముందు పిలవండి. మొదటి ఇద్దరు చదివినప్పుడు మాటల పైన మీరు రాసుకున్నది, పేర్లు తీసేసి, అలాగే ఇక్కడ పెట్టండి. ఏ తప్పు ఎందుకు పడిందో కలిసి చూద్దాం.